పరుపుల బండిలో తుఫాను

పరుపుల కొట్టాయన కూతుర్ని అందరూ దూది అనే పిలుస్తారు. పగలంతా నాన్న కుట్టిన పరుపులకు గలీబులు తొడుగుతుంది. కాస్త తీరిక దొరికితే ల్యాప్‌టాప్ ముందేసుకుని హిప్‌హాప్ బీట్లు కడుతుంది. తను మాత్రం పాడదు. నలుగురిలో నోరు తెరవాలంటేనే ఆమెకు బెరుకు. అందుకే తన ఆల్బమ్‌లో ఒక్కో పాటకు ఒక్కో ర్యాపర్ని పిలిచింది. కొట్టు వెనక గదిలో పరుపుల్ని చుట్టూ గోడల్లా నిలబెట్టి, మధ్యలో మైకు పెట్టింది. అందులో నిలబడితే వీధి ఉందన్న సంగతే గుర్తురాదు.

వచ్చినవాళ్లంతా గట్టివాళ్లే. ఆటో నడిపే ఆవిడ చెప్పులు విప్పితేగానీ మాటలు రావంది. పెయింటర్ తన వంతు కాగానే పరుపుకు చేరగిలబడి నిద్రపోయాడు. లేపితే, "ఇదెంతకిస్తారు?" అన్నాడు.

నాన్న ఒకే ఒక్క మాట అన్నాడు. "మన కొట్టుకి కొనేవాళ్లకన్నా అరిచేవాళ్లే ఎక్కువొస్తున్నారే."

ఇక ఆఖరి పాట మిగిలింది. దానికి తుఫాను అనే కుర్రాడు రావాలి. పేరుకే తుఫాను, టీ అడిగినా పక్కనున్నవాడికి వినబడదు. ఓడలో పని దొరికి ఆ సాయంత్రం రైలెక్కుతున్నాడు. మళ్లీ ఏడాదికిగానీ రాడు. ఈలోపు మధ్యాహ్నం వచ్చి పాడేసి వెళ్తానన్నాడు.

సరిగ్గా ఆ పొద్దునే ఒక హాస్టల్ వాళ్లొచ్చి ఉన్న పరుపులన్నీ కొనేశారు. ఎన్నాళ్లకో నాన్న ముఖం వెలిగింది. ఆ ముఖం చూశాక, ఒక్క పూట ఆగమని అడగడానికి దూదికి మనసొప్పలేదు. కళ్లముందే ఒక్కో గోడా నాన్న నడిపే వ్యాను బండెక్కింది.

తుఫాను వచ్చేసరికి గదిలో మైకు స్టాండు ఒంటరిగా నిలబడి ఉంది.

"అక్కా, గదేదీ?" అన్నాడు.

"బండెక్కింది."

ఇద్దరూ బండి వైపు చూశారు. లోపల పరుపులు అలాగే నిలబడి ఉన్నాయి, మధ్యలో మనిషి పట్టేంత సందు కూడా ఉంది.

"నాన్నా, మేం వెనక కూర్చుంటాం. దారిలో పాట అయిపోతుంది," అంది దూది.

"ఊపిరాడక చస్తారు."

"తలుపు ఓరగా తెరిచి పెట్టు."

నాన్న ఏదో గొణుక్కుంటూ స్టీరింగ్ దగ్గరకు వెళ్లాడు. ఇద్దరూ మైకూ ల్యాప్‌టాపూ పట్టుకుని పరుపుల మధ్యకు ఎక్కారు.

మొదటి స్పీడు బ్రేకరు దగ్గర తుఫాను పాట తెగింది. రెండోదాని దగ్గర పళ్లు మైకుకు తగిలాయి.

"అక్కా, ఇది పాటా, పళ్లకి పరీక్షా?"

దూదికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తలుపు సందులోంచి హాస్టల్ గేటు కనబడింది. ఇక అయిపోయిందనుకుంది. కానీ బండి ఆగలేదు. గేటు దాటి, వెనకున్న ఖాళీ స్థలంలోకి మళ్లి అక్కడ ఆగింది. ఇంజను ఆగిపోయింది. నాన్న వెనక్కి వచ్చాడు.

"హాస్టల్ దాటొచ్చాం నాన్నా," అంది దూది.

"నాకు కళ్లున్నాయిలే. కానివ్వండి. వార్డెనుకి నేను చెప్పుకుంటా."

తుఫాను కళ్లు మూసుకున్నాడు. "ఇంట్లో అందరూ అరుస్తుంటే నా మాటలన్నీ దాచుకున్నా," అని మొదలుపెట్టాడు. టీ కూడా సరిగా అడగలేని మనిషి బండంతా దద్దరిల్లేలా పాడాడు. ఒకసారి పాడి, ఎందుకైనా మంచిదని ఇంకోసారి కూడా పాడాడు. ఆ తర్వాత పెట్టె పట్టుకుని స్టేషనుకు పరుగెత్తాడు.

ఎందుకింత ఆలస్యమని వార్డెను అడిగితే, "దారిలో తుఫాను పట్టుకుంది సార్," అన్నాడు నాన్న. వార్డెను ఒకసారి ఎండ వైపు చూసి, పరుపులు దించుకున్నాడు.

కొన్నాళ్లకు ఆల్బమ్ పూర్తయింది. దూది కొట్టులోనే చిన్నగా పెట్టింది. నాన్న పరుపు కుడుతూ తలెత్తకుండానే వింటున్నాడు. ఆఖరి పాట రాగానే ఆయన సూది ఆగింది.

"రెండోసారి పాడింది పెట్టలేదేమే? 'దాచుకున్నా' అన్నాక కాస్త ఆగి ఊపిరి పీల్చాడు చూడు, అదే బాగుంది."

"నువ్వు విన్నావా?"

"తలుపు ఓరగా పెట్టమన్నది నువ్వే కదా."

దూది రెండోది తీసి విన్నది. నిజమే. అక్కడ ఊపిరి పీల్చి వదిలాకే ఆ పాట తుఫానుదైంది. వెంటనే మార్చేసింది. మళ్లీ మొదట్నుంచి పెట్టింది.

అంతలో బయట ఎవరో కొనడానికొచ్చి, "లోపల ఎవరండీ?" అని పిలిచారు.

"ఒక్క నిమిషం కూర్చోండి," అన్నాడు నాన్న. "పాట అయిపోనివ్వండి."