వీధి తలుపు తీసిన పాపానికి

మావారు రిటైరయ్యాక పాత కారవాన్ ఒకటి కొన్నాం. ఐర్లండ్ పల్లెల్లో, సెలవులకు ఊరెళ్లేవాళ్ల ఇళ్లు కనిపెట్టుకుని ఉంటూ తిరుగుతున్నాం. ఆసారి స్లైగో దగ్గర ఒక ఇల్లు, నాలుగు కోళ్లు, ఒక కుక్క మాకు అప్పగించారు. మావారి గురకకు కుక్క ఏడుస్తోందని ఆయన్ని కారవాన్‌లో పడుకోమన్నాను.

తెల్లారగానే అలవాటు కొద్దీ వీధి తలుపు బార్లా తీసి, గడప కడిగి, ముగ్గు పెట్టాను. కాసేపటికి పక్క పొలం పెద్దాయన నల్లకోటు వేసుకుని, టోపీ చంకలో పెట్టుకుని, పళ్లెం నిండా శాండ్‌విచ్‌లతో వచ్చాడు.

"చాలా బాధగా ఉందమ్మా. మంచి మనిషి. నిన్న కూడా కోళ్లకు మేత వేస్తూ నాకు చెయ్యి ఊపాడు" అన్నాడు.

"ఎవరి గురించండీ?"

"మీ ఆయన గురించే."

ఆ ఊళ్లో రాకపోకలన్నీ పెరటి తలుపు నుంచేనట. వీధి తలుపు బార్లా తీశారంటే ఇంట్లో ఎవరో పోయినట్టేనట. పెద్దాయన ఇది చెబుతుండగానే మావారు లుంగీ సర్దుకుంటూ, ఆవులిస్తూ కారవాన్ దిగారు. "ఏంటి, టిఫినా?" అంటూ ఒక శాండ్‌విచ్ అందుకున్నారు.

పెద్దాయన ఆయన్ని ఎగాదిగా చూసి, టోపీ పెట్టుకున్నాడు. "గ్రాండ్" అన్నాడు, అక్కడివాళ్లు 'సరేలే' అనడానికి వాడే మాట. "ఎలాగూ తెచ్చాను, తినండి."

వీధి తలుపు మూసి ఉంచితే నాకు ఊపిరాడదు. అందుకని మర్నాటి నుంచి తలుపు తీసేముందే మావారిని గుమ్మం ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. వచ్చేపోయే కార్లన్నిటికీ చెయ్యి ఊపడం ఆయన డ్యూటీ.