ఆయ్, అలాగేనండి

మా మావయ్యను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరేం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అనేవాడు. అని, తనకు తోచిందే చేసేవాడు.

ప్రోస్టేట్ క్యాన్సరని తేలాక రాజమండ్రిలో డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మగ హార్మోను అండగా ఉంటే రేడియేషన్‌కి దెబ్బతిన్న క్యాన్సర్ కణాలు మళ్లీ తేరుకుంటాయట. అందుకని ముందు ఇంజక్షన్‌తో ఆ హార్మోను తగ్గిస్తారట.

"చేలో నీళ్లు తీసేశాకే కదండీ కలుపుమందు కొట్టేది! ఆయ్, అలాగేనండి" అన్నాడు మావయ్య. ఎంత బాగా అర్థమైందోనని మురిసిపోయాను.

తీరా రేడియేషన్ మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేస్తే, హార్మోను తగ్గాల్సినంత తగ్గలేదు. ఇంకేమైనా వాడుతున్నారా అని డాక్టరుగారు అడిగారు. మావయ్య తన సంచీ ఒళ్లోకి లాక్కున్నాడు. నేనే ఆయన సంచీ తీసి వెతికితే లేహ్యం సీసా దొరికింది. తునిలో ఎవరో మగతనానికి మంచిదని ఇచ్చాట్ట!

"ఇందులో ఏ హార్మోను కలిపారో ఏంటో! వెంటనే మానేయాలండి" అన్నారు డాక్టరుగారు.

నాకు తిక్కరేగింది. "ఇటు నీళ్లు తీయిస్తూనే అటు తూము తెరుస్తావేంటి మావయ్యా!" అని అరిచాను.

ఆయన మీసం తడుముకుంటూ నేలచూపులు చూశాడు. "ఇంజక్షన్ చేసిన కాణ్ణుంచీ ఒకటే నీరసం, ఒంట్లో ఆవిర్లు. అసలు నేను మగాణ్ణేనా అనిపిస్తందిరా" అన్నాడు మెల్లగా.

నేను సీసా పక్కన పెట్టేశాను. డాక్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మానేస్తారా మరి?" అన్నారు.

మావయ్య తల మాత్రం ఊపాడు. "ఆయ్, అలాగేనండి" అనలేదు.

అందుకే నమ్మాను.