రంగనాయకులు గారి తిరగని ఫ్యాను

రంగనాయకులు గారి గదిలో పనిచేసేది ఒక్కటీ లేదు, ఆయన తప్ప. పైగా దేన్నీ బాగుచేయనిచ్చేవారు కాదు.

ఏ మిల్లుకు ఏ యంత్రం కావాలో, ఏ రేవులో ఏ క్రేను నిలబెట్టాలో దేశమంతటికీ చెప్పే మద్రాసు సాంకేతిక సలహాల కంపెనీకి బిట్రగుంటలో శాఖ ఉండేది. అందులో ఆయన పెద్ద ఇంజనీరు. ఆయన గోడ గడియారం మాత్రం ఏళ్ల తరబడి పదికి అయిదు నిమిషాల తక్కువ దగ్గరే నిలబడిపోయింది. బల్ల మీది ఫ్యాను మే నెల ఎండల్లో కూడా రెక్క కదిపేది కాదు.

"మేస్త్రీని పిలుచుకోని రమ్మంటారా సార్?" అని అటెండరు బాజీ అడిగాడో, "దాని జోలికి పోయినావంటే నీ ఉద్యోగం పాయె!" అని కసిరేవారు.

"ఊరందరికీ సలహాలు చెప్తాడు. సొంత ఫ్యానుకు మాత్రం చెప్పుకోడు" అని బాజీ వరండాలోకి వచ్చి గొణుక్కునేవాడు.

అరవై మూడు మే నెలలో హజరత్తయ్య అక్కడికి ఇంటర్వ్యూకి వచ్చాడు. ఫిజిక్సులో బీయస్సీ. ఇంట్లో నాలుగు నెలల పాప. అంతకుముందు రెండు ఇంటర్వ్యూల్లో నోరు పెగల్లేదు. ఒకచోట తన పేరడిగితే తండ్రి పేరు చెప్పి వచ్చాడు. ఇదీ పోతే బుచ్చిరెడ్డిపాలెంలో మామగారి వడ్లమిల్లులో గోతాలు కుట్టడమే. ఆయన అప్పుడే దబ్బనం చూపించాడు కూడా.

కూర్చోగానే చేతులు వణికాయి. ఒళ్లో సర్టిఫికెట్లు టపటపలాడాయి.

రంగనాయకులు గారు తలెత్తి, "ఏందయ్యా, కాయితాలు కొట్టుకుంటా ఉండాయి? ఫ్యాను గానీ తిరగతా ఉండాదా?" అన్నారు.

"లేదు సార్. నేనే."

"అట్నా! అయితే ఆ ఫ్యాను కాస్త చూడు నాయనా, ఉడికి చస్తా ఉండాను" అంటూ స్క్రూడ్రైవరు చేతిలో పెట్టారు.

హజరత్తయ్య ముందు ప్లగ్గు పీకాడు. మూత విప్పాడు. ఊడిన వైరు కనిపించింది.

"వైరు ఊడితే ఎందుకు తిరగదంటావు?"

చెప్పాడు. మోటారు ఎందుకు తిరుగుతుందో చెప్పాడు, ఎందుకు వేడెక్కుతుందో చెప్పాడు, అడగనివి కూడా చెప్పాడు. చేతుల వణుకు ఎప్పుడు ఆగిందో అతనికే తెలియదు. రెక్కలు తిరిగేసరికి ఉద్యోగం వచ్చేసింది.

చేరిన వారానికే ఫ్యాను మళ్లీ ఆగింది. కృతజ్ఞత పట్టలేక హజరత్తయ్య ఒక ఉదయం అందరికన్నా ముందే వచ్చి, దానికి గట్టిగా సీసం అతుకు పెట్టాడు.

"ఇంక ఈ జన్మకు ఊడదు సార్!"

రంగనాయకులు గారి ముఖం మాడిపోయింది. "కొంప ముంచినావు గదయ్యా! ఇంకాసేపట్లో ఇంటర్వ్యూ పెట్టుకోనుంటినే!"

"తిరిగితే మంచిదే గదా సార్?"

"నాకు మంచిదే. వచ్చేవాళ్లకు? నీ చేతులు మర్చిపోయినావా? చేతికి పని దొరికితే నోరు దానంతట అదే తెరుచుకుంటాది."

హజరత్తయ్య గోడకేసి చూశాడు. "మరి గడియారం?"

"రైలు ఆలస్యమై పరుగెత్తుకుంటా వచ్చినోడు దాన్ని చూసి బెదరకూడదు గదా. ఇంటర్వ్యూ పదింటికి. ఈ గదిలోకి ఎవురొచ్చినా అయిదు నిమిషాలు ముందొచ్చినట్టే."

హజరత్తయ్య కత్తెర తీసుకుని ఫ్యాను దగ్గరికి వెళ్లాడు.

ఆ రోజు ఇంటర్వ్యూకి వచ్చింది కావలి ఊరి అమ్మాయి ఎలిశబెతు. చేతిరుమాలు నీళ్లు కారేటట్టు పిండుతోంది.

"ఆ ఫ్యాను కాస్త చూడమ్మా, ఉడికి చస్తా ఉండాను."

ఆమె ప్లగ్గు పీకింది. మూత విప్పి వంగి చూసింది. చేతిరుమాలు ఎప్పుడో కింద పడిపోయింది. తలుపు పక్కన హజరత్తయ్య కత్తెరను వీపు వెనక్కి దాచుకున్నాడు.

"సార్, ఇది ఊడింది కాదు. ఎవురో కత్తిరించినారు. మొన ఇంకా మెరస్తా ఉండాది. పొద్దున్నే జరిగుంటాది" అంది ఎలిశబెతు, తడబడకుండా.

రంగనాయకులు గారు హజరత్తయ్య కేసి చూశారు.

"చెడగొట్టేది గూడా సరిగా రాదే నీకు!" అని, ఆమె వైపు తిరిగి, "ఎప్పుడు చేరతావమ్మా?" అన్నారు.