నాలుగు నెలల పెట్రోలు

క్యాంటీన్ బల్ల చుట్టూ మేం నలుగురం, నాలుగు క్యారేజీలు, అందరికీ కలిపి ఒక ఆవకాయ సీసా, బల్ల మధ్యలో ఒక కొత్త స్కూటర్ తాళం. తాళం మా సెక్షన్లో ఈమధ్యే చేరిన ఇంజనీరుది. నూటపది సీసీ బండి కొన్నాడు. ప్రీమియం పెట్రోలు పోయించాలా, మామూలుది సరిపోతుందా అని నన్ను అడిగాడు. ఇలాంటి ప్రశ్నలకి వేళ్ళు మడిచి జవాబు చెప్పడం నాకు అలవాటు. ఒకటి, ఆ చిన్న ఇంజన్‌లో ఒత్తిడి తక్కువ, ఎక్కువ ఆక్టేన్ దానికి అక్కర్లేదు. రెండు, మైలేజీలో తేడా నీ కంటికి కనిపించదు. మూడు, ఇంజన్ శుభ్రంగా ఉండాలంటే వేళకి సర్వీసు చేయించు, చాలు. నాలుగు, అంటూ చూపుడు వేలు మడిచి ఆగిపోయాను. "నాలుగోదేంటి సార్?" అన్నాడు. "అది నీకు పనికొచ్చేది కాదులే" అని క్యారేజీ మూత పెట్టేశాను. నాలుగోది ఎక్కువ కాలం నడపకుండా నిలబెట్టే బండి గురించి. దాన్ని నేను జన్మలో ఒక్కసారే చెప్పాను, మా అత్తకి.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. మామయ్య పోయాక అనకాపల్లిలో మా ఇంటి వెనక వాటాలోకి వచ్చేసింది. పిల్లల్లేరు. పెళ్ళికూతుళ్ళకి పూలజడలు కట్టడం ఆవిడ పని. తెల్లవారకముందే మల్లెమొగ్గలు తెచ్చుకుని, కింద కూర్చుని, కాలి బొటనవేలికి దారం బిగించి కట్టేది. ఇల్లంతా మరువం వాసన, అమ్మ కాచే కాఫీలో కూడా మరువం వాసనే. జడ పూర్తయ్యాక తడిగుడ్డ చుట్టి, వెదురు బుట్టలో పడుకోబెట్టి, స్కూటర్ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని, కె. కోటపాడో బుచ్చయ్యపేటో బయల్దేరేది. దారిలో గతుకు వస్తే తనకి నడుం పట్టిందా లేదా అని కాదు, బుట్ట కదిలిందా అని చూసుకునేది. నలభై ఏళ్ళు దాటాక నేర్చుకుంది స్కూటర్. నేర్పింది నేనే గనక, తను ఎక్కడ పడినా నా పేరే చెప్పేది.

పెట్రోలు విషయంలో ఆవిడకి ఒక నియమం ఉండేది. మామూలు రోజుల్లో మామూలు పెట్రోలు, ముహూర్తం ఉన్న రోజున ప్రీమియం. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగితే బండికి కూడా ఆ ఖరీదైన తిండి బంద్. నేను ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో ఇది నా ప్రాణానికి వచ్చేది. "పెళ్ళోరింటికి ఎల్తా నలిగిన సీర కట్టుకుంటామేట్రా? దానికీ ఒక పూట మంచిది పెట్టాల" అనేది. ఆక్టేన్ అంటే బలం కాదు అత్తా, ఓర్పు, ఒత్తిడి పెరిగినా వేళ కాకుండా అంటుకోకుండా ఉండే ఓర్పు, ఈ చిన్న బండికి అంత ఓర్పు అక్కర్లేదు అని కాగితం మీద సిలిండరు బొమ్మ వేసి మరీ చెప్పాను. బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఓర్పు అక్కర్లేని బతుకు బండికైనా ఉంటాదా అల్లుడూ? రేపు నీకు పెళ్ళయితే నీకే తెలుత్తాదిలే" అంది. ఆ కాగితంలోనే మిగిలిన మొగ్గలు పొట్లం కట్టి అమ్మకి ఇచ్చింది.

గడిచిన వానాకాలంలో కడుపునొప్పి అంది. జీలకర్ర నీళ్ళు అయ్యాయి, ఇక్కడి డాక్టరు మాత్రలు అయ్యాయి, చివరికి విశాఖలో స్కాన్ తీయించాం. ఇంజక్షన్ అని ఆవిణ్ని పక్క గదికి పంపి, డాక్టరు నాన్నకీ నాకూ చెప్పాడు. మందులు వాడితే కొంత కాలం కలిసొస్తుంది, నయమయ్యేది మాత్రం కాదు అన్నాడు. వరండాలోకి రాగానే నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. "దానికి సెప్పకు. గడ్డంట, మందులకి కరిగిపోద్దంట, అంతే." ఆయన చేతి పట్టు చూసి సరే అన్నాను. మందులు ఎక్కించేటప్పుడు ఆస్పత్రి దగ్గరే ఉండాలి కాబట్టి అక్కడ ఒక గది అద్దెకి తీసుకుని, అమ్మ తోడుండేలా అనుకున్నాం.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు సాయంత్రం అత్త పెరట్లో స్కూటర్ తుడుస్తోంది. నాన్న కుర్చీలో పేపరు చదువుతున్నాడు, అమ్మ గుమ్మంలో గోంగూర వలుస్తోంది. "ఒరే ఇంజనీరూ" అంది అత్త. "దీన్ని ఇక్కడొదిలేసి పోతన్నాను కదా. ఏ పెట్రోలు పోయించి నిలబెట్టాల?" పెట్రోలు గురించి ఆవిడ నన్ను సలహా అడగడం అదే మొదలు. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. మొదలుపెట్టాను. నెలలోపయితే ఉన్న మామూలుది ఉండనీ అన్నాను. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, అంతకన్నా నిలవుంటే మంచిది కాదు. నాలుగు నెలల దాకా అయితే ఇథనాల్ కలపని ప్రీమియం ఒకటి ఉంది, విశాఖలో దొరుకుతుంది, అది నిండా పోయించి పెట్టాలి. అంతకు మించితే టాంకు ఖాళీ చేసెయ్యాలి, బ్యాటరీ కూడా తీసేసి... అంటుండగా నేను ఎక్కడికి వచ్చి నిలబడ్డానో నాకు అర్థమైంది. పేపరు చప్పుడు ఆగిపోయింది.

"మరి నాకు ఏది?" అంది అత్త.

"మామూల్ది సాల్లే" అన్నాడు నాన్న, పేపరు వెనకనుంచే. "నెల్లాళ్ళలో వచ్చేత్తావు కదా."

అమ్మ "పొయ్యి మీద పాలున్నాయి" అంటూ లేచి లోపలికి పోయింది. ఆ వేళప్పుడు పొయ్యి మీద పాలేం లేవు.

అత్త నావైపే చూస్తోంది. "రెండోది" అన్నాను.

ఆవిడ గుడ్డని బకెట్లో ముంచి నిమ్మళంగా పిండింది. "మీ నాన్న పెద్ద అబద్ధం ఆడేడు. నువ్వు కాసింత సిన్నది ఆడేవు. సదువుకున్నోడివి కదా" అంది. నాన్న పేపరు కింద పడేసి "ఏటే ఆ మాటలు!" అని అరవబోయాడు. "ఊరుకో అన్నయ్యా" అంది అత్త. "రెండోదే పోయించుదాం. మనకి తెలిత్తే తెలిసింది. బండికెందుకు తెలవడం?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరం విశాఖ వెళ్ళాం. నేను నడుపుతానంటే ఒప్పుకోలేదు. "ఎనక్కి కూకో. పెట్రోలు కోసం ఊరు దాటి ఎల్లే బండి ఇదొక్కటే. వచ్చీసరికి సగం ఇదే తాగేత్తాది" అంటూ తనే నడిపింది. భుజాలు బాగా చిక్కిపోయాయి. వెనక కూర్చుంటే చీర కింద ఎముక కదలడం తెలుస్తోంది. లారీ వచ్చినప్పుడల్లా కాళ్ళ దగ్గర లేని బుట్టని కాళ్ళతో అదుముకుంది. బంకులో ధర చూసి "ఇదేటి, పెట్రోలా, నెయ్యా?" అని పంపు దగ్గరి అమ్మాయిని నవ్వించింది. అంచుదాకా పోయించింది. తిరుగు దారి పట్టాం. ఊరు దగ్గర పడ్డాక వేగం తగ్గించి, "ఆశ్వీజం, కార్తీకం, మార్గశిరం, పుష్యం" అని లెక్కపెట్టింది. "నాలుగు నెలలకి మాఘం వచ్చేత్తాది. పెళ్ళిళ్ళే పెళ్ళిళ్ళు. అందుకుంటామేట్రా అల్లుడూ?" ఆ గొంతులో వేళాకోళం లేదు. నిన్న మా ఇద్దరి అబద్ధాల్నీ తూకం వేసి చెప్పిన మనిషి, ఇవాళ అదే అబద్ధం ఇంకోసారి చెప్పమని అడుగుతోంది. "అందుకుంటాం" అన్నాను. నా మొహం ఆవిడకి కనబడదు, ఆవిడ మొహం నాకు కనబడలేదు.

ఇంటికి వచ్చి స్కూటర్ నిలబెట్టి, పాత చీర కప్పింది. పుష్యం రాకుండానే, ఆస్పత్రిలో పోయింది.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఒక ఉదయం నేను రబ్బరు గొట్టం, ఖాళీ డబ్బా తీసుకుని స్కూటర్ దగ్గర కూర్చున్నాను. నాన్న వచ్చి నిలబడ్డాడు. "ఏటి సేత్తన్నావు?" పెట్రోలు తీసేద్దామని అన్నాను. "నాలుగు నెల్లన్నావు కదా" అన్నాడు. "ఇంకా అవలేదు కదా." నా చేతిలోంచి గొట్టం తీసుకుని గోడ మేకుకి తగిలించాడు. ఆ రోజునుంచి పొద్దున్నే ఆ చీర తీయడం, తడిగుడ్డతో బండి తుడవడం, మళ్ళీ కప్పడం ఆయన పని అయింది.

మాఘం వచ్చింది. వీధిలో మేళాలు మొదలయ్యాయి. ఒకరోజు బుచ్చయ్యపేట నుంచి పెళ్ళివారు పూలజడకి చెప్పడానికి వచ్చారు, పాపం వాళ్ళకి తెలియదు. గేటు దగ్గర నాన్న వాళ్ళని ఆపి "మా సెల్లి ఊళ్ళో లేదమ్మా" అన్నాడు. ఎప్పుడొస్తుందని అడిగారు. ఆయన వెనక్కి తిరిగి పెరటి వైపు చూశాడు. వాళ్ళు కాసేపు నిలబడి, అర్థం చేసుకుని, చెప్పులు చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు. నాన్న పెరట్లోకి వచ్చి, మేకు మీది గొట్టం తీసి నా చేతికిచ్చి, "ఇంక తీసేయ్ రా" అన్నాడు.

తీశాను. డబ్బా వెలుతురులో పెట్టి చూశాను. రంగు మారలేదు, వాసన మారలేదు, అడుగున నీటిచుక్క లేదు. ఏ వస్తువు ఎంతకాలం నిలవుంటుందో మాకు కాలేజీలో చెప్పారు. గడువు దాటితే వస్తువు పాడవుతుందన్నారు. వస్తువు బాగానే ఉండి, గడువులోపే మనిషి దాటిపోతే ఆ మిగిలిన కాలాన్ని ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. చేతికి అలవాటు గనక కొలిచాను. అత్త అంచుదాకా నింపించిన టాంకులో పట్టేది ఐదు లీటర్లు. విశాఖ నుంచి ఇంటిదాకా తను నడుపుకొచ్చిన దారి పోగా, ఉన్నది నాలుగు లీటర్ల మూడు వందల మిల్లీలీటర్లు.