జెట్టీ మీద పోలీసుల పాట

ఫిజీలో మా తీరం వైపు సొరచేపలు రావు. ఒకనాడు పోలీసులు పాడిన పాటకు జడిసి, అవన్నీ మూటాముల్లె సర్దుకుని సమోవా వెళ్ళిపోయాయి. అన్నీ కాదులెండి, ఒకటి. అది కూడా సమోవా దాకా పోలేదు, పగడపు దిబ్బ దాటి అవతల నిలబడింది. చేప సంగతి ఎవరైనా కాదంటే నేను పట్టుబట్టను. పోలీసులు పాడిన మాట మాత్రం నిజం. వాళ్ళకు ఆ పాట నేర్పినవాడు అపొరోసా.

అపొరోసా జెట్టీ దగ్గర పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. మనిషి భారీ, మాట మెత్తన. చెడిపోయిన ఇంజను ముందు కూర్చుని దాన్ని బూతులు తిట్టకుండా పనిచేసే మెకానిక్కు ఈ తీరంలో అతనొక్కడే. చాలా ఏళ్ళ కిందట అతనికి మతి చెదిరింది. నిద్ర పోయింది, తిండి పోయింది. నేల కింద ఎవరో గుంపుగా పాడుతున్నారనీ, ఆ పాటలో తనను పేరు పెట్టి పిలుస్తున్నారనీ చెవులు మూసుకుని తిరిగేవాడు. ఆ పాటకు అందనంత ఎత్తుకు పోవాలని చివరికి కూరగాయల మార్కెట్టు కప్పు ఎక్కాడు. పోలీసులు అతన్ని కిందికి లాగి, పడవ తాడుతో కట్టి, లారీలో పడేశారు. భుజం ఎముక జారింది. ఆ తాడు ముడి వేసింది నెమనీ, అప్పట్లో కుర్ర కానిస్టేబులు. వరసకు అపొరోసాకు బావ.

ఆసుపత్రి, మాత్రలు, భార్య లితియా ఓపిక అన్నీ కలిసి అపొరోసాను మళ్ళీ ఇంజన్ల ముందు కూర్చోబెట్టాయి. కొన్నాళ్ళకు మా నర్సు మెరెయోనీ ఒక పని మొదలుపెట్టింది. ఇలాంటి జబ్బు చేసి కోలుకున్నవాళ్ళను స్టేషనుకు తీసుకెళ్ళి, పోలీసులతో పాటు చాప మీద కూర్చోబెట్టి, వాళ్ళ కథ వాళ్ళచేత చెప్పించడం. ఇక ఎవరినీ తాడుతో కట్టకూడదని ఆమె ఆశ. అపొరోసా ఆశ అంతకంటే చిన్నది. ఈ జబ్బు తిరగబెట్టవచ్చని డాక్టరు చెప్పి ఉన్నాడు. తిరగబెట్టిన రోజు వచ్చేది ఈ పోలీసులే. ఆ రోజు తన దగ్గరికి ఎలా రావాలో వాళ్ళకు ముందే తెలిసి ఉండాలి.

మొదటిసారి వెళ్ళినప్పుడు అందరికీ కొబ్బరి చిప్పల్లో కావా పోశారు, మా దగ్గర నలుగురు కూడితే తాగే మత్తు వేరు కషాయం. మాత్రలు వేసుకునే మనిషి అది తాగకూడదు గనుక అపొరోసాకు నిమ్మాకు టీ ఇచ్చారు. బావలన్నాక వేళాకోళం తప్పదు. అప్పటికి సార్జెంటయిన నెమనీ ముందు వరసలో కూర్చుని, "అత్తారింటికొచ్చిన పెళ్ళికొడుకులా టీ తాగుతున్నావేంటి బావా" అన్నాడు. "నీ ముఖం చూస్తూ తాగాలంటే కావా చాలదు బావా" అన్నాడు అపొరోసా. అందరూ నవ్వారు.

కథ మొదలైంది. నిద్రలేని రోజులు చెప్పాడు, మార్కెట్టు కప్పు ఎక్కడం చెప్పాడు. ఇక తాడు రావాలి. అప్పుడు నెమనీని చూశాడు. మనిషి తల దించుకుని చాప పోగులు పీకుతున్నాడు. అతని చుట్టూ అతను అజమాయిషీ చేసే కుర్రాళ్ళు. బావను ఎంతయినా ఆటపట్టించవచ్చు. చాప మీద, అతని కిందివాళ్ళ ముందు, తలెత్తుకోలేకుండా చేయడం మాత్రం మాలో లేదు. అపొరోసా టీ ఒక గుక్క తాగి, కింద ఒక పోలీసాయన నిలబడి తన తల్లి పాడే కీర్తన మెల్లగా ఎత్తుకున్నాడనీ, అది విని తను దిగివచ్చేశాననీ చెప్పాడు.

నెమనీ తలెత్తాడు. ఆ కీర్తన ఏదని ఎవరో అడిగారు. అపొరోసా పాడక తప్పలేదు. మావాళ్ళు నలుగురు కూర్చున్నచోట ఒకడు పాడితే మిగతావాళ్ళు ఊరుకోరు, తలా ఒక గొంతు కలిపేశారు. మెరెయోనీ కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి వెళ్ళే దారిలో, వెంట వచ్చిన లితియా అడిగింది. "ఎవరయ్యా పాడింది? ఆ రోజు మార్కెట్టు దగ్గర నేనూ ఉన్నానుగా."

"వచ్చేసారి సరిగ్గా చెప్తాలే."

వచ్చేసారి పోలీసులే ఆ పాట అడిగారు. ఆ పై ఏడూ అడిగారు. ఆ పాడినవాడు తనేనని నెమనీ కొత్తవాళ్ళతో చెప్పుకోవడం మొదలుపెట్టాడు. పోనుపోను నమ్మాడు కూడా.

తర్వాత ఒక తుఫాను వచ్చింది. మందులు తెచ్చే పడవ రాలేదు. అపొరోసా మాత్రలు అయిపోయాయి. నేల కింద పాట మళ్ళీ మొదలైంది. అతను చాలా రోజులు ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుని, ఒక ఉదయం జెట్టీ చివరికి వెళ్ళి నిలబడ్డాడు. లితియా వెనకే పరుగెత్తింది. ఎవరో స్టేషనుకు కబురు చేశారు.

నెమనీ మనుషులను వెంటబెట్టుకు వచ్చాడు. లారీ దూరంగా ఆపించాడు. టోపీలు తీయించాడు. అందరూ చెక్కల మీద మెల్లగా కూర్చున్నారు. ఒక్కరూ గొంతు పెంచలేదు. అపొరోసాకు వాళ్ళ ముఖాలు తెలుస్తూనే ఉన్నాయి. వీళ్ళంతా తన కథ విన్నవాళ్ళే. కాసేపు ఇలాగే ఊరుకుంటే చాలు, నీళ్ళవైపు నుంచి ఇటు తిరగగలననిపించింది.

అప్పుడు వాళ్ళు కీర్తన ఎత్తుకున్నారు.

చెక్కల కింద పాట, చెక్కల మీద పాట ఒకటైపోయాయి. ఇన్నేళ్ళూ కనబడకుండా పిలిచినవాళ్ళు ఇప్పుడు పోలీసు బట్టల్లో వచ్చి ఎదురుగా కూర్చున్నారు. వాళ్ళకిది నేర్పింది తనేనని అపొరోసాకు తెలుసు. ఆపమనాలని నోరు తెరిచాడు. నాలుక కదల్లేదు.

"పాట ఆపండి. ఆయనకు భయమే పాటంటే," అంది లితియా.

"నీకు తెలీదు చెల్లెమ్మా," అన్నాడు నెమనీ, ఎంతో ఆదరంగా. "ఇది మాకు చెప్పింది ఆయనే." కుర్రాళ్ళను ఇంకొంచెం గట్టిగా అందుకోమన్నాడు.

అపొరోసా దూకేశాడు. ఇద్దరు వెనకే దూకారు. జెట్టీ మీద మిగిలినవాళ్ళు పాట ఆపలేదు, ఆపితే ప్రాణం పోతుందేమోనని. పైకి లాగిన మనిషి పెనుగులాడుతుంటే పట్టుకోక తప్పలేదు, కట్టక తప్పలేదు. తాడు తేకూడదన్నది గుర్తుంచుకుని ఎవరూ తేలేదు. తడిసిన చొక్కాలు విప్పి వాటితో కట్టారు. ముడి వేస్తూ నెమనీ ఏడ్చాడు.

ఆసుపత్రి నుంచి అపొరోసా చిక్కి సగమై వచ్చాడు. మెరెయోనీ కొత్త పోలీసుల జట్టు కోసం మళ్ళీ పిలిచింది. "ఈసారన్నా నిజం చెప్పు. చెప్పకపోతే మళ్ళీ పాడతారు," అంది లితియా. తల ఊపాడు.

చాప మీద అతను నోరు తెరిచేలోపే నెమనీ అందుకున్నాడు. బావ నీళ్ళలో దూకాడు గానీ, మేం ఆ పాట ఆపి ఉంటే దక్కేవాడు కాదని కుర్రాళ్ళకు చెబుతున్నాడు. అందరూ అపొరోసా వైపు తిరిగారు. కాదంటే బావ ఇక తలెత్తుకోలేడు. అవునంటే మళ్ళీ ఆ పాటే.

"నువ్వు చెప్పు అన్నా, నిజంగా ఏం జరిగింది?" అంది మెరెయోనీ.

అపొరోసా నేలకేసి చూస్తూ చెప్పాడు. "ఏం జరగలేదు. ఆ రోజు నేను జెట్టీకే పోలేదు, ఇంట్లో పడుకున్నా. మార్కెట్టు కప్పూ ఎక్కలేదు. ఎవరూ పాడలేదు, ఎవరూ కట్టలేదు. అదంతా ఎవరో అల్లిన కథ."