నేను తీయని నవ్వు షాట్

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు భయం వేయదు, చిరాకు వేస్తుంది. పదకొండేళ్లుగా టీవీ సీరియళ్లకి అసోసియేట్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. పొగ వదిలి, తెల్లచీర కట్టించి, నా చేతులతో నేనే ఎన్ని దెయ్యాల్ని నడిపించానో లెక్కలేదు. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, రెండేళ్లు నాలో నేనే కొట్టుకుని, ఇక ఉండలేక రాస్తున్నాను.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా శవంగా నటిస్తే, సీను అయిపోగానే వాళ్లని లేపి కెమెరా వైపు చూసి నవ్వమంటాం. ఆ నవ్వు కూడా రికార్డు చేస్తాం. ఎక్కడా వాడం. ఆ మనిషి మీద తీసిన ఆఖరి షాట్ చావు కాకూడదని, అంతే. నాకు నమ్మకం లేదు గానీ, అది చేయించాల్సిన బాధ్యత నాది కాబట్టి చేయిస్తాను.

ఆ రోజు కాప్రాలో ఒక అద్దె ఇంట్లో షూటింగ్. సీరియల్లో తాతగారు చనిపోయే ఘట్టం. ఆ వేషం నర్సింగరావు గారిది. డెబ్బై రెండేళ్లు, రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, ఇల్లు మౌలాలిలో. సెట్లో అందరికీ ఆయన తాతే.

ముక్కులో దూది పెట్టి చాప మీద పడుకోబెట్టాం. మొదటి టేకులో కనురెప్ప కదిలింది. రెండో టేకులో కోడలి వేషం వేసే అమ్మాయి ఏడుస్తూ పొట్ట మీద పడింది, ఆయనకి చక్కిలిగింత. మూడోసారి దోమ. సెట్లో తప్పు జరిగితే మొదటిసారి అందరం నవ్వుతాం, రెండోసారి ఓర్చుకుంటాం, ఆ తర్వాత ఎవరి నెత్తిన వేద్దామా అని చూస్తాం. ఆరో టేకుకి అది నా నెత్తిన పడింది. శవం ఊపిరి పీలుస్తుంటే నువ్వేం చూస్తున్నావని డైరెక్టర్ అందరి ముందూ అరిచారు. తాత కళ్లు తెరవకుండానే, "ఒక్కసారి సచ్చుడే కష్టం. గిన్నిసార్లంటే నాతోని ఐతదా బిడ్డా?" అన్నారు.

తొమ్మిదో టేకు ఓకే అయింది. ఐదింటికి ఇల్లు ఖాళీ చేస్తామని ఓనరుకి మాటిచ్చాం, అప్పటికే ఐదుంబావు. డైరెక్టర్ కారెక్కేశారు. కెమెరా వ్యానులోకి వెళ్లిపోయింది. అంతకుముందే కెమెరాలోని మెమరీ కార్డు తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను, ఎడిటింగుకి ఇవ్వాల్సింది నేనే. తాత గోడ పట్టుకుని తనే లేచి, దూది తనే తీసి పారేశారు. ముఖం వాడిపోయి ఉంటే నేనే ఆటో పిలిచి ఎక్కించాను. ఆటో మలుపు తిరిగాక గుర్తొచ్చింది, నవ్వు షాట్ తీయలేదని.

ఫోన్ చేసి వెనక్కి పిలవచ్చు. పిలవలేదు. రిపోర్టు షీటులో తొమ్మిదో టేకు కింద "నవ్వు షాట్, ఒక టేకు, ఓకే" అని రాసి సంతకం పెట్టాను. ఆ రాత్రి డైరెక్టర్ ఫోన్ చేసి తాతని నవ్వించావా అని అడిగితే, అయింది సార్ అన్నాను. మంచినీళ్లు తాగినంత తేలిగ్గా అబద్ధమాడాను.

మర్నాడు పొద్దున్నే తాత సొంత కోడలు ఫోన్ చేసింది. గుండెలో నొప్పి వస్తే సికింద్రాబాద్‌లో ఆస్పత్రిలో చేర్చారట. ఏ సంగతీ ఇప్పుడే చెప్పలేమన్నారట డాక్టర్లు.

నమ్మకాల్లేవని గొప్పలు పోయేదాన్ని, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోయాను. బండి తాళాలు చేతిలో పెట్టుకుని వాటికోసమే ఇల్లంతా వెతికాను. పెద్దవయసు, షుగరు, గాలి ఆడని గదిలో తొమ్మిది టేకులు, నొప్పి రాక ఏం చేస్తుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుంటున్నా లోపల ఒకటే మాట. ఆయన నవ్వలేదు, ఆయన పోతే నేనే చంపినట్టు.

దారిలో కార్డు ఎడిటర్‌కి ఇచ్చేసి ఆస్పత్రికి వెళ్లాను. పదకొండింటికి లోపలికి వదిలారు. సిగ్గు విడిచి ఫోన్ కెమెరా తెరిచి, తాతా, ఒక్కసారి నవ్వండి అన్నాను.

ఆయన అలసటగా చూశారు. "మల్లెందుకు బిడ్డా? నిన్న తీసుకున్నవ్ గద," అన్నారు. నా కోసం కొంచెం నవ్వారు. మందుల మత్తులో అంటున్నారనుకున్నాను.

అయినా మనసు ఊరుకోలేదు. తిన్నగా ఎడిటింగు రూముకి వెళ్లాను. ఎడిటర్‌కి నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోగా, అతనే తొమ్మిదో టేకు తర్వాతి క్లిప్పు తెరిచి, "తాత నవ్వు మస్తుంది మేడం," అన్నాడు.

ఇరవై రెండు సెకన్లు. చాప మీద తాత. పక్క నుంచి ఒక ఆడమనిషి చెయ్యి వస్తుంది. గాజుల్లేవు, గడియారం లేదు. నా గడియారం పట్టీ నల్లది, సెట్లో ఎప్పుడూ తీయను. తాత ఆ చెయ్యి పట్టుకుని లేచి కూర్చుంటారు. దూది తీసి, ఆ మనిషి వైపు చూసి హాయిగా నవ్వుతారు. క్లిప్పు మీద టైము ఐదూ నలభై. కెమెరా గడియారం తప్పేమో అనుకుని తొమ్మిదో టేకు టైము చూశాను, సరిగ్గానే ఉంది. ఐదూ నలభైకి తాత ఆటోలో ఉన్నారు, కార్డు నా బ్యాగులో ఉంది. అబద్ధంగా నేను రాసినట్టే ఒకటే టేకు.

తాత బతికారు. స్టెంటు వేశారు, వారానికి ఇంటికొచ్చారు. వచ్చినవాళ్లందరికీ ఈ పిల్లే నన్ను లేపి నవ్వించింది, అందుకే లేచి కూసున్న అని చెప్పడం మొదలుపెట్టారు. నాలుగైదు సార్లు తలొంచుకుని విన్నాను. ఒకరోజు భరించలేక మౌలాలి వెళ్లి, ఏడ్చుకుంటూ అంతా చెప్పేశాను. షాట్ మర్చిపోయానని, అబద్ధం రాశానని, ఆ చెయ్యి నాది కాదని.

కోప్పడతారనుకున్నాను. ఆయన తన కుడి అరచెయ్యి చాలాసేపు చూసుకున్నారు.

"మరి నన్ను లేపినామె ఎవరు బిడ్డా?"

చెప్పకుండా ఉండాల్సిందేమో అని ఇప్పుడనిపిస్తుంది. ఆయన మళ్లీ వేషాలు వేస్తున్నారు, ఆరోగ్యంగానే ఉన్నారు. వారానికోసారి ఫోన్ చేసి అదీ ఇదీ మాట్లాడతారు. పెట్టేసే ముందు మాత్రం గొంతు తగ్గించి, "తెలిసిందా?" అని అడుగుతారు.

లేదు తాతా అంటాను.