కానుగ మొదట్లో పొగ

కురుమమ్మ మా అశోక్‌నగర్ గల్లీని పద్నాలుగేళ్లు ఊడ్చింది. బడి మొహం చూడకపోయినా ఏ నెలలో చెట్టు ఏం చేస్తుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. నేనేమో బోటనీలో ఎమ్మెస్సీ చేసి, గ్రూప్స్ కోసం పర్యావరణం పాఠాలు ఏళ్ల తరబడి బట్టీ పడుతున్న ఘనుణ్ని. చిక్కడపల్లి లైబ్రరీలో సీటు దొరకని రోజుల్లో హాస్టల్ గది కిటికీ దగ్గరే చదివేవాణ్ని. అక్కణ్నుంచి చూస్తే గల్లీ మలుపులో కానుగ చెట్టు కనిపించేది.

"శివరాత్రి దాటినంక వారం దినాలల్ల ఆకంత రాలుస్తది," అని కురుమమ్మ చెప్పేది. "ఉగాదికి కొత్తాకు. ఎండలు ముదిరితె పూత. పేలాలు పోసినట్టు రాలుతది, ఊడ్వ బుద్ధి కాదు."

ఆమె చెప్పింది ఎన్నడూ తప్పేది కాదు. పూత రాలే రోజుల్లో, ఆ చెట్టు కింద టిఫిన్ బండి పెట్టే పెంటమ్మ ఒకసారి పైకి చూసుకుని గానీ గిన్నె మూత తీసేది కాదు.

ఆకు రాలే వారమే కురుమమ్మకు నరకం. చెత్త ఆటోవాడు ఆకులు ఎక్కించుకోడు. కుప్ప రోడ్డు మీద ఉంటే సూపర్‌వైజర్ తిడతాడు. అందుకని మధ్యాహ్నం పూట మా హాస్టల్ గోడ పక్కన పోగేసి కాల్చేది. నేను చేరిన మొదటి ఏడాదే ఆ పొగ నా గదిలోకి వచ్చింది. పరీక్ష దగ్గర పడింది. కిటికీలోంచి కేకేశాను.

"అమ్మా, గీ పొగల ఎట్ల చదువాలె? ఆ చెట్టు మొదట్ల పెట్టుకోరాదా?"

మర్నాటి నుంచి అక్కడే పెట్టింది. ఆ తర్వాత నాలుగేళ్లు నేను హాయిగా చదువుకున్నాను. పాసవ్వకపోవడం వేరే సంగతి.

పోయిన ఉగాదికి కానుగ ఒక పక్కే చిగురించింది. రెండో పక్క కొమ్మలు బోసిగా ఉండిపోయాయి. కురుమమ్మ చీపురు చంకలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"జర ఆలస్యమైతదేమో," అన్నాను కిటికీలోంచి.

"గీ చెట్టు ఎన్నడు ఆలస్యం చెయ్యలే బిడ్డా," అంది.

ఆ రోజు నుంచి చెట్టు మొదట్లో నిప్పు పెట్టలేదు. రాలిన ఆకూ పూతా గోనెసంచిలో కుక్కి, నెత్తిన పెట్టుకుని నారాయణగూడ చెత్తకుండీ దాకా మోసేది. బండి జరుపుకొమ్మని పెంటమ్మకు రోజూ చెప్పేది. ఉన్న సగం నీడ కూడా వదిలి ఎక్కడికి పోతానని పెంటమ్మ నవ్వేసింది.

వైశాఖంలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. చెట్టు మొదలంటా విరిగి బండి మీద పడింది. పెంటమ్మ నడుము విరిగింది. ఇక లేచి నడవదని డాక్టర్లు చెప్పారు.

మర్నాడు దుంగలు కోస్తుంటే గల్లీ అంతా గుమిగూడింది. చెట్టు మొదట్లో మనిషి కూర్చునేంత గుల్ల, లోపలంతా బొగ్గు. సూపర్‌వైజర్ కురుమమ్మను పిలిచాడు.

"ఈడ అగ్గి పెట్టుమని ఎవలు చెప్పిన్రు? పేరు చెప్పు. పోలీసోళ్లకు రాసియ్యాలె."

నేను ఆమెకు రెండడుగుల దూరంలో ఉన్నాను. కేసులో పేరెక్కితే సర్కారు ఉద్యోగం రాదు. నా బుర్రలో ఆ ఒక్క సంగతే తిరుగుతోంది. నేనే చెప్పానని అనాలి. అనలేదు. అంతకంటే పిరికితనం నేను నా జన్మలో చూడలేదు.

కురుమమ్మ ఒకసారి నా వైపు చూసి తల తిప్పుకుంది.

"ఎవలు చెప్పలే సార్. నేనే పెట్టిన."

అతను అక్కడికక్కడే చీపురు లాక్కుని, రేపటి నుంచి రావద్దన్నాడు. జనం ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, పోతూ పోతూ నా దగ్గర ఆగింది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

"పో బిడ్డా, సదువుకో. కిటికి తెరుసుకో. ఇగ పొగ రాదు."